కుంపారె క్రిసాంతో

లుక్బాన్
1900 ఏప్రిల్ 22

నిస్యా,

ఈ ఉత్తరం నీకు అందితే ముందుగా ఒక సంగతి తెలుసుకో. నీ జుట్టు ఇప్పుడు గుళ్ళో వ్యాకులమాత విగ్రహం తల మీద ఉంది.

నవ్వకు. నువ్వు మాయమైన రోజు పొద్దున నేను లేచేసరికి టోపీలు అల్లే చాప మీద నీ జడ పడి ఉంది. తమ్ముడి చొక్కా, లాగూ, తుపాకీ, వాడి గుర్తింపు కాగితం కనబడలేదు. అమెరికావాళ్ళతో యుద్ధం నుంచి జ్వరంతో ఇల్లు చేరి ఎనిమిది రోజులకే పోయిన పిల్లవాణ్ణి పాతిపెట్టి ఇంకా నలభై రోజులు నిండలేదు, ఇంతలో ఇది. ఆ జడ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా పక్కింటి ఉర్సులా వచ్చింది. "ఏంటే సేబ్యా, ఎవరి జుట్టే అది?" అంది. నోటికొచ్చింది చెప్పాను. "మా చెల్లి మనీలా వెళ్ళి మఠంలో చేరింది. జుట్టు మాతకి ఇచ్చేసింది" అన్నాను. సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు పాద్రీగారే మనిషిని పంపి జడ తెప్పించుకున్నారు. పవిత్ర శుక్రవారం ఊరేగింపులో మాత నీ జుట్టుతో వీధులన్నీ తిరిగింది. ఎంత ఒత్తుగా ఉందో అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. అందరూ నా భక్తికి మురిసిపోయారు.

కొండ దారిలో నిన్ను మొదట గుర్తుపట్టింది మన టోపీలు ఊరూరా అమ్మే ముసలమ్మ బిరాంగ్. "మీ తమ్ముడి నడక దానికి రాలేదు గానీ కోపం మాత్రం అచ్చం దిగింది" అని చెప్పింది. అలా తెలిసింది నువ్వు బతికున్నావని, తమ్ముడి పేరు పెట్టుకుని క్రిసాంతోగా తిరుగుతున్నావని.

తమ్ముడి కోసం పూజ చెప్పిద్దామని వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. పాద్రీగారు క్రిసాంతో ఆత్మకు శాంతి అని పైకి చదివితే అది ఎవరికి తగులుతుందో అని భయం వేసింది. వెనక్కి వచ్చేశాను. వాడికి ఇంతవరకు ఒక్క పూజ లేదు నీ మూలాన.

ఈ కాగితం మొగలాకు టోపీ రెండు పొరల మధ్య పెట్టి అంచు కుట్టాను. నువ్వూ పాత టోపీలో అలాగే పెట్టి బిరాంగ్‌కి ఇవ్వు. ఒక టోపీకి ఒకటే కాగితం. రెండు పెడితే బిరుసెక్కి పట్టుబడుతుంది. టోపీతో పాటు ఎండుచేపలు పంపుతున్నాను. అన్నీ ఒక్క పూటకే తినెయ్యకు.

దేవుడు నిన్ను కాయాలి. నేనైతే కొట్టాలి.
నీ అక్క సేబ్యా


కొండ మీద
1900 మే 9

అక్కా,

నీ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటున్నాను.

దళానికి తుపాకీ అప్పగించి వచ్చేద్దామని వెళ్ళానని అబద్ధం చెప్పను. తమ్ముడు ఆ ఎనిమిది రోజులూ జ్వరంలో ఒకటే మాట అన్నాడు, "నా చోటు ఖాళీగా ఉంది, నా చోటు ఖాళీగా ఉంది" అని. నువ్వూ విన్నావు. నువ్వు వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నావు, నేను వాడి లాగూ నాకు సరిపోతుందా అని చూసుకుంటున్నాను.

వాడి పాత దళం చెల్లాచెదురైపోయింది. ఇప్పుడున్న దళంలో వాణ్ణి ఎరిగినవాళ్ళు లేరు. కాగితం చూశారు, తుపాకీ చూశారు, చేర్చుకున్నారు. తుపాకీ ఉన్నవాడికి మీసం ఎందుకు రాలేదని ఇక్కడ ఎవరూ అడగరు. ఏటిలో స్నానానికి పిలిస్తే, యుద్ధం ముగిసేదాకా ఒంటి మీద బట్ట విప్పనని మొక్కుకున్నానని చెప్పాను. మొక్కు అన్నాక ఇంక మరో ప్రశ్న లేదు. దళనాయకుడు కపితాన్‌గారు కూడా టోపీ తీశారు. నెలలో నాలుగు రోజులు కడుపు బాగాలేదంటాను. సగం దళానికి ఎప్పుడూ ఆ జబ్బే కనక నమ్ముతారు.

వంతెన దగ్గర పోరాటం గురించి బిరాంగ్ చెప్పే ఉంటుంది. నేనూ కాల్చాను. ఆ సంగతి మాత్రం నీకు రాయను, అక్కా. ఇంటికొచ్చాక కూడా అడగవద్దు.

నా పక్కన పడుకునేవాడి పేరు గౌదెన్సియో. మలినావ్ ఊరివాడు, కొబ్బరి చెట్లెక్కి కల్లు గీసేవాడు. "నీ మొక్కుతో గాలివాటున కూర్చోరా క్రిసాంతో, వాసనకి చచ్చిపోతున్నాం" అని ఏడిపిస్తాడు. రెండుసార్లు నన్ను వీపున మోశాడు, ఒకసారి వాగులో, ఒకసారి జ్వరంలో. వాడి భార్య రుఫీనాకి ఇప్పుడు ఐదో నెల. పుట్టబోయే బిడ్డకి నన్ను జ్ఞానతండ్రిగా నిలబడమన్నాడు. అంటే వాడికీ నాకూ జీవితాంతం కుంపారె వరస. పిలిచినవాడికి కాదంటే ఆ బిడ్డకి కీడని నీకూ తెలుసు. సరేనన్నాను. ఏం చెయ్యమంటావు?

చేపలు ఒక్క పూటకే అయిపోయాయి. తిన్నది నేను ఒక్కదాన్నే కాదు.

తమ్ముడి చొక్కాలో ఉన్న
నీ చెల్లి


లుక్బాన్
1900 జూన్ 3

నిస్యా,

ఏం చెయ్యమంటావని అడిగావు కనక చెబుతున్నాను. తప్పించుకో. కాలు విరిగిందను. స్నానం మానెయ్యడానికి ఒక మొక్కు పుట్టించినదానివి, దీనికి ఇంకోటి పుట్టించలేవా?

దళాన్ని మోసం చేశావు, శత్రువుని మోసం చేశావు, అది యుద్ధం, సరే. జ్ఞానస్నానం తొట్టి ముందు నిలబడి, పసిబిడ్డ తల మీద చెయ్యి వేసి, పాద్రీగారు పేరేమిటని అడిగితే చచ్చిపోయినవాడి పేరు చెబుతావా? ఆ పేరు గుడి జ్ఞానస్నానాల పుస్తకంలోకి ఎక్కుతుంది. అది మనం మట్టిలో కలిసినా చెరగని పుస్తకం.

ఇంకో సంగతి. కుంపారె అంటే ఆ ఇంటి ఆడదానికి నువ్వు తోడబుట్టినవాడి లెక్క. ఆ ఇంట్లో ఎప్పుడైనా తినొచ్చు, పడుకోవచ్చు, ఎవరూ వేలెత్తి చూపరు. రేపు నిజం బయటపడితే ఆ అమ్మాయి ముఖం ఎలా చూస్తావు?

నా మాట విను. ఒక్కసారైనా.
సేబ్యా


మలినావ్
1900 అక్టోబరు 26

(మొదటి టోపీలోని కాగితం)

అక్కా,

నీ చెయ్యి నుదుటికి ఆనించుకుంటున్నాను. ఒక కాగితంలో పట్టదు కనక రెండు టోపీల్లో పెడుతున్నాను. రెండూ నీకే ఇమ్మని బిరాంగ్‌కి గట్టిగా చెప్పాను.

నీ మాట వినలేదు. సెప్టెంబరు 23న రుఫీనాకి ఆడపిల్ల పుట్టింది. ఆ వారమే ఇటువైపు పాద్రీగారు ఈ ఊరి చిన్న గుడికి వచ్చారు. నేనే బిడ్డని ఎత్తుకున్నాను. పేరు అడిగితే క్రిసాంతో అని చెప్పాను. రెండుసార్లు చెబితే గానీ వినబడలేదు. భక్తనుకున్నారు.

జ్ఞానస్నానమైన తొమ్మిదో రోజున వాగు దాటుతుంటే అమెరికావాళ్ళు పై గట్టు నుంచి కాల్చారు. గౌదెన్సియోకి పొట్టలో తగిలింది, నాకు తొడలో. ఇద్దరం ఒక రాయి వెనక పడి ఉన్నాం. మధ్యాహ్నం దాకా బతికాడు. నా చెయ్యి వదలలేదు. "కుంపారె, నా బిడ్డకి నువ్వున్నావు కదా" అన్నాడు. ఉన్నానన్నాను. "పేరు పెట్టి ఒట్టేయ్" అన్నాడు. క్రిసాంతో మీద ఒట్టని చెప్పాను అక్కా. ఆ మాట విని పోయాడు. నా అసలు పేరు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అది నన్ను తినేస్తోంది.

(రెండో టోపీలోని కాగితం)

ఇప్పుడు మలినావ్‌లో ఈ ఇంట్లోనే ఉన్నాను. నెల దాకా కదలకూడదన్నారు. పిల్ల పేరు తెక్లా. నెల దాటింది. రోజంతా నా గుండెల మీదే పడుకుంటుంది. నేను మంచం దిగలేను కనక దానికి నేనే ఉయ్యాల. గౌదెన్సియో గుర్తొచ్చినప్పుడల్లా దాని ముఖం చూస్తాను, ఆ గడ్డం అచ్చంగా వాడిదే. వాడు లేడన్న సంగతి దీన్ని ఎత్తుకున్నప్పుడే కాస్త మరుపుకొస్తుంది.

నీ మాట వినలేదని కోపం రావచ్చు. జరిగింది జరిగింది. ఎవరేమనుకున్నా ఈ పిల్లని నేను వదలను. మాట ఇచ్చాను. ఇంత పసిదాన్ని ఎత్తుకుంటే చేతులకి ఇంత భయం వేస్తుందని నాకు తెలియదు. ఇంట్లో మెత్తటి పాతగుడ్డలుంటే పంపు. ఊళ్ళో ఎవరికీ చెప్పకు.

నీ చెల్లి


లుక్బాన్
1900 నవంబరు 14

దియోనిస్యా,

నీ ఉత్తరం అందింది. మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు.

మేలోనే కథ అల్లి పెట్టుకున్నావన్నమాట. గౌదెన్సియోకి ఓ భార్య ఉందట, ఆమెకి ఐదో నెలట, నువ్వు జ్ఞానతండ్రివట! ఇన్నేళ్ళుగా అల్లుతున్నాను, ఇంత నున్నగా నేనెప్పుడూ అల్లలేదు. పిల్లకి నెల దాటిందన్నావు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. నువ్వు ఇల్లు వదిలి ఏడు నెలలు అవుతుండగా పుట్టింది. అంటే ఇక్కడ ఉండగానే వాడితో జరిగింది కదా? తమ్ముడి చోటు ఖాళీగా ఉందని కాదు నువ్వు జడ కోసుకున్నది. కడుపు దాచుకోవడానికి. వాడి చావుని కూడా దానికి వాడుకున్నావు. అది నన్ను కోసేస్తోంది.

నాకు ముందే చెబితే చంపేస్తాననుకున్నావా? తిడతాను. తర్వాత జావ కాచి పెడతాను. నీకు తెలియదా నా సంగతి?

సరే. గుడ్డలు పంపను, నేనే తెస్తాను. డిసెంబరు మొదటి ఆదివారం దాటగానే మలినావ్ వస్తున్నాను. పిల్లని నేను తెచ్చుకుంటాను. ఎవరో గుడి మెట్ల మీద వదిలిపోయారని చెబుతాను. ఈ ఊరు నా అబద్ధాలకి అలవాటు పడింది.

సేబ్యా


కొండ మీద
1901 జనవరి 17

అక్కా,

నీ నవంబరు ఉత్తరం నిన్ననే అందింది. అంతకుముందే నువ్వు మలినావ్ వచ్చి వెళ్ళిన సంగతి తెలిసింది. కాలు కుదురుకోగానే నేను కొండెక్కేశాను. నేను లేని రోజే నువ్వు వచ్చావు.

నీకు రెండో కాగితం ఒక్కటే అందింది. మొదటిది అంది ఉంటే ఇదంతా జరిగేది కాదు. పిల్ల రుఫీనాది. తండ్రి గౌదెన్సియో. వాడు నా చేతిలో పోయాడు. నాకు తొడలో తూటా దిగి మంచాన పడ్డాను, పురుడొచ్చి కాదు.

క్రిస్మస్ పండగ తర్వాత వాళ్ళింటికి దిగాను. రుఫీనా రోట్లో ధాన్యం దంచుతోంది. తలెత్తలేదు. వాళ్ళ అన్న వీధి అరుగు మీద ఉన్నాడు, అందుకని గొంతు తగ్గించి మాట్లాడింది.

"పేరు చెప్పు" అంది.

"రుఫీనా, నేను…"

"పేరు."

"దియోనిస్యా."

"పాద్రీగారు అడిగినప్పుడు ఈ పేరు నోట్లోంచి ఊడిపడలేదే? మా ఆయన ఒట్టు అడిగినప్పుడూ ఊడిపడలేదా?"

రోకలి పక్కన పెట్టింది. "అన్న వరసవని నీ ఎదురుగానే పాలిచ్చాను. ఆడదానివని తెలిశాక దానికి నవ్వొచ్చింది, పోనీ. యుద్ధంలోకి లాగూ వేసుకుని వెళ్ళావు, అది నీ ధైర్యం, దాన్నీ అనను. కానీ నా బిడ్డ తండ్రి మట్టిలో ఉన్నాడు. జ్ఞానతండ్రి అంతకంటే ముందే మట్టిలో ఉన్నాడట, మీ అక్క చెప్పింది. ఇంక దానికి ఈ భూమ్మీద ఎవరున్నారో చెప్పు."

"నేనున్నాను."

"ఎక్కడున్నావు? ఏ పుస్తకంలో ఉన్నావు?" అంది. పిల్ల లోపల ఏడుస్తోంది. అడుగు వేయబోయాను. గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీ పేరు మీద వచ్చి ఆ పుస్తకం దిద్దించు. అప్పుడు ఎత్తుకో. అందాకా నువ్వెవరో నాకు తెలీదు. ఎవరికీ చెప్పను, భయపడకు."

తిరిగి వచ్చేశాను. దారంతా పిల్ల ఏడుపే వినబడుతున్నట్టు ఉంది.

రుఫీనా మాటలకి నేను తగినదాన్నే. నీ మాటలకి కాదు. తమ్ముడి చావు వాడుకున్నానన్నావు. వంతెన దగ్గర నుంచి నేటిదాకా వాడి చోటు ఒక్క రోజు ఖాళీగా ఉంచలేదు, అక్కా. అది ఒక్కటీ తెలుసుకో.

దియోనిస్యా


లుక్బాన్
1901 ఫిబ్రవరి 10

నా చిట్టీ,

ఏం రాయను. ఆ ఇంట్లోకి వెళ్ళీ వెళ్ళగానే "నేను నిస్యా అక్కని, క్రిసాంతో అని తిరుగుతోందే, దాని అక్కని, దాని బిడ్డని ఇవ్వండి, మా తమ్ముడు పోయి ఏడాది అవుతోంది" అని గుక్క తిప్పుకోకుండా అనేశాను. అప్పుడు చూశాను. ఆ అమ్మాయి బిడ్డకి పాలిస్తోంది. రవిక తడిసి ఉంది. అన్న మాట మళ్ళీ నోట్లోకి తీసుకోగలిగితే ఎంత బాగుండును. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళిచ్చింది. గుడ్డలు అక్కడే పెట్టి వచ్చేశాను.

బిరాంగ్‌ని నిలదీశాను. తాయాబాస్ సంతలో ఎవరో కొబ్బరి వ్యాపారి టోపీ బాగుందని పట్టుబట్టాడట. ఇవ్వనంటే అనుమానపడతాడని ఇచ్చేసిందట. నాకు చెప్పడానికి భయపడి ఊరుకుంది. అంటే గౌదెన్సియో చావు ఎవరి నెత్తి మీదో సంతల్లో తిరుగుతోంది, వాడికి తెలియదు. మొన్న గౌదెన్సియోకి ఒక పూజ చెప్పించాను. తమ్ముడికి కూడా. ఇద్దరి పేర్లూ గట్టిగా చదివించాను. ఎవరికి తగలాలో వాళ్ళకే తగులుతుందని ఇప్పుడు నమ్మకం కుదిరింది.

నిన్ను అనుమానించినందుకు నన్ను క్షమించు అని అడగను. ఇంటికొచ్చి నాలుగు తిట్టు, అది చాలు.

ఇప్పుడు నా మాట విను. దళాలు ఒక్కొక్కటే లొంగిపోతున్నాయి. అమెరికావాళ్ళు జాబితాలు పట్టుకుని మగవాళ్ళ కోసం వెతుకుతున్నారు. క్రిసాంతో అనే ఒకడు ఆ జాబితాలో ఉన్నాడు. వాణ్ణి వెతుక్కోనీ, ఎక్కడ దొరుకుతాడు? నువ్వు పావడా కట్టుకుని, తల మీద గుడ్డ వేసుకుని, బుట్ట చంకన పెట్టుకుని రోడ్డు మధ్య నడిచి వచ్చెయ్. నిన్ను ఒక్కడూ ఆపడు. చెల్లికి మఠం పడలేదు, తిరిగొచ్చేస్తోందని ఉర్సులాతో ఇప్పటికే అన్నాను. ఆ పుస్తకం సంగతి వదిలెయ్. పుస్తకంలో ఎవరి పేరుంటే ఏం, పిల్లకి ఏటా గుడ్డలు కుట్టి పంపుదాం.

నీకు మడుగులో ఈతంత తేలిక ఇది. ఇంతటితో చాలు, వచ్చెయ్.

నీ అక్క


1901 జూలై 8

అక్కా,

నీ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటున్నాను. ఈ ఉత్తరం టోపీలో రాలేదు చూశావా. రుఫీనా చేతే పంపుతున్నాను. దగ్గర కూర్చోబెట్టి ఏదైనా తినిపించు, తెల్లవారే బయలుదేరింది.

జూన్‌లో కపితాన్‌గారు లొంగిపోయారు. జాబితాలోని వాళ్ళంతా వరసగా వెళ్ళి, తుపాకులు పెట్టి, ప్రమాణం చేసి ఇళ్ళకి పోయారు. నేను వెళ్ళలేదు. గడువు దాటిపోయింది. తుపాకీ ఒక చోట పూడ్చి, నువ్వు చెప్పినట్టే పావడా కట్టుకున్నాను. రోడ్డు మధ్య నడిచాను. రెండు చోట్ల సిపాయిలు ఎదురయ్యారు, నా కేసి చూడనైనా చూడలేదు. లుక్బాన్ దారి మలుపు దాకా వచ్చాను. నిజంగా వచ్చాను, అక్కా. అక్కడ ఒక రాయి మీద చాలాసేపు కూర్చుని, వెనక్కి తిరిగాను.

మలినావ్ గుళ్ళో ఆదివారం పూజ అయ్యాక పాద్రీగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ముసలాయన లేచి తలుపు మూసి వచ్చారు. "ఒకసారి పుస్తకం దిద్దితే ఇది గుడి గోడల మధ్య ఆగదమ్మా. ఇద్దరు సాక్షులుండాలి. ఒక్కరి నోరు జారినా నువ్వే క్రిసాంతోవని నువ్వే రాసిచ్చినట్టు" అన్నారు. తెలుసన్నాను. రుఫీనాని పిలిపించారు. ఆమె వాళ్ళ అన్నని వెంటబెట్టుకుని పిల్లతో వచ్చింది. పుస్తకం తీశారు. క్రిసాంతో అన్న చోట పక్కన ఖాళీలో రాశారు: ఆ రోజు బిడ్డని ఎత్తుకున్నది, జవాబులు చెప్పింది, అతని అక్క దియోనిస్యా అని. సాక్షులు వేలిముద్రలు వేశారు. నేను సంతకం చేశాను.

రుఫీనా పిల్లని నా చేతుల్లో పెట్టింది. తొమ్మిది నెలల పిల్ల, బరువెక్కింది. నన్ను మరిచిపోయింది, గుక్కపట్టి ఏడ్చింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

బుధవారం అమెరికావాళ్ళు వచ్చి వాళ్ళ శిబిరానికి తీసుకెళ్ళారు. ఎవరి నోరు జారిందో నేను అడగలేదు, రుఫీనా చెప్పలేదు. నన్ను మగవాళ్ళ పాకలో ఉంచాలా ఆడవాళ్ళ పాకలో ఉంచాలా అని వాళ్ళలో వాళ్ళు పొద్దంతా కొట్టుకున్నారు. చివరికి బియ్యం బస్తాల గదిలో పెట్టారు. తుపాకీ ఎక్కడుందని అడుగుతున్నారు. మనీలా పంపుతారని ఒకడంటాడు, ఆడదాన్ని ఏం చేస్తాంలే వదిలేస్తారని ఇంకొకడంటాడు. నాకు తెలియదు. భయంగా ఉంది. నీతో అబద్ధం ఎందుకు.

రుఫీనా రోజూ పిల్లని ఎత్తుకుని వస్తుంది. మొదటి రోజు కాపలావాడి పక్కనున్న దుబాసీ ఆపాడు. "చుట్టాలకే అనుమతి. నీకేమవుతుంది?" అన్నాడు. "నా బిడ్డకి జ్ఞానతల్లి" అంది. "అది చుట్టరికమా?" అన్నాడు. "నువ్వు ఏ ఊరోడివయ్యా? నీకు జ్ఞానస్నానం ఎవరిచ్చారు?" అని దులిపేసింది. వాడు మనవాడే కదా, సిగ్గుపడి పక్కకి తప్పుకున్నాడు. వెదురు కర్రల మధ్య నుంచి పిల్లకి అరటిపండు నలిపి పెడతాను. ఇప్పుడు ఏడవడం లేదు.

మలుపు దాకా వచ్చి ఎందుకు తిరిగిపోయావని నువ్వు నెత్తీనోరూ కొట్టుకుంటావని తెలుసు. ఆ రాయి మీద కూర్చుని అదే ఆలోచించాను. ఈ పదహారు నెలల్లో నేను నడిచిన నడక, మోసిన బరువులు, కాల్చిన తూటాలు, చేతులారా పూడ్చిన మనుషులు, అంతా క్రిసాంతో చేసినట్టే లెక్క. ఉండనీ. వాడి చోటు అది, వాడి పేరు మీదే పోనీ. నాకు ఏమీ అక్కర్లేదు. కానీ ఆ పిల్లని ఎత్తుకున్న చేతులు మాత్రం నావి అక్కా. వాటిని కూడా చచ్చిపోయినవాడికి ఇచ్చేసి ఇంటికెలా రాను?

నీ చెల్లి
దియోనిస్యా